బైబిలమ్మ నా చెయ్యి పట్టుకున్న ఆదివారం

బైబిలమ్మ పోయింది. సోమవారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే పాలు పోసే ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. "టీచరమ్మా, మీ బైబిలమ్మ దవాఖానల పానం ఇడిసిందట. మాపటికి తీస్తరట." చేతిలో ఉన్న టిఫిను డబ్బా కింద పెట్టాను. ఏడుపు రాలేదు. మీతో అబద్ధం ఎందుకు, ముందు కోపం వచ్చింది. మూడేళ్లుగా ఆమెతో నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. "సరేనండీ, వెళ్లి వచ్చాను" అన్న మాట. అది వినకుండానే వెళ్లిపోయింది మహాతల్లి.

పోయినవాళ్ల గురించి రాయడమంటే పొగడటమే అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. నాకు ఆమె అంటే గిట్టేది కాదు. ఆమెకు నా మీద ప్రేమ ఉన్నట్టు కూడా నాకెప్పుడూ కనపడలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నన్ను దిద్దిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లు నన్ను మెచ్చుకున్నారు, లేదా నా వెనక తిట్టుకున్నారు.

కొత్తగూడలో మా చర్చి ఎంతుంటుందో చెబితే నవ్వుతారు. ఇక్కడి బండరాళ్లు కొట్టి కట్టిన నాలుగు గోడలు, పైన రేకులు. వాన పడితే పాస్టరుగారి ప్రసంగం వినపడదు. ఆ పాస్టరుగారైనా నెలకొకసారి వస్తారు. పట్నం నుంచి బస్సులో మదీనాగూడ దాకా వచ్చి దిగితే, బొంబాయి రోడ్డు మీద నుంచి ఎవరో ఒకరు సైకిలు మీద ఎక్కించుకొస్తారు. మిగతా రోజుల్లో సంఘం అంటే బైబిలమ్మే. పల్లెల్లో ఆడవాళ్లకు వాక్యం చదివి చెప్పడానికి ఎప్పుడో మిషను దొరలు పెట్టిన ఉద్యోగం ఆమెది. దొరలు వెళ్లిపోయారు, ఆ ఉద్యోగాన్ని ఈమె మాత్రం వదల్లేదు. నల్ల గొడుగు, గుడ్డసంచి, అందులో అట్టలు ఊడిన బైబిలు, పిల్లల కోసం గుప్పెడు పుట్నాలు. బాచుపల్లి దాకా నడిచేది. చదువు నలభై ఏళ్లు దాటాక నేర్చుకుందట. చీపురుపుల్ల ఒకటి వరస కింద పెట్టుకుని, ఒక్కో మాటనూ తడిమి తడిమి చదివేది. వింటుంటే నాకు ప్రాణం విసిగిపోయేది.

నేను కృష్ణ అవతలి జిల్లా మనిషిని. మిషను హాస్టల్లో చదివాను. మా ఆయనకు ఇటువైపు కొత్తగా పెట్టిన పెద్ద కర్మాగారంలో ఉద్యోగం, నాకు కొత్తగూడ ప్రాథమిక పాఠశాల. అరవై తొమ్మిది గొడవలు సద్దుమణిగిన కొత్తల్లో వచ్చాం. "ఆంధ్రోళ్లొచ్చిన్రు" అని నా ముఖం మీదే అనేవాళ్లు. నేనూ తక్కువ తినలేదు. వీళ్లకు పాట రాదు, వాక్యం రాదు, చెప్పులు వరసగా విడవడం రాదని మా ఆయన దగ్గర రోజూ గొణిగేదాన్ని. నాకు వచ్చిన విద్య ఒకటుంది, అది వీళ్లెవరికీ రాదు. ప్రార్థన. లేచి నిలబడి కళ్లు మూసుకున్నానంటే గ్రాంథికంలో పావుగంట ఆగకుండా వచ్చేది. చుట్టూ "ఆమేన్, స్తోత్రం" అని ఆడవాళ్లు కన్నీళ్లతో తడిసిపోయేవాళ్లు. నా ప్రార్థన నాకే ముచ్చటగా ఉండేది.

ఆ సంఘంలో ఢోలక్ కొట్టే పిల్ల ఒకామె ఉండేది. పిల్ల అంటున్నాను గానీ పాతికేళ్ల ఇల్లాలు. బండలు కొట్టే కుటుంబంలోకి కోడలుగా వచ్చింది. ఆ ఇంట్లో చర్చికి వచ్చేది ఆమె ఒక్కతే. పుట్టింటివాళ్లు మా వాళ్లే, అత్తింటివాళ్లు కాదు. ఆమె ఢోలక్ మీద చెయ్యి వేసిందంటే, రేకుల కింద కూర్చున్న ముసలివాళ్లకు కూడా పాట దారిలో పడేది. ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున ఆమె మా దగ్గర ఢోలక్ కొట్టింది. అదే మధ్యాహ్నం నేను మా వసారాలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటుంటే వీధిలో డప్పులు మోగాయి. అమ్మవారికి బోనాలు పోతున్నాయి. పసుపు రాసిన కుండ, వేపరెమ్మలు, దీపం. తల మీద బోనం ఎత్తుకుని వరసలో మూడో మనిషి మా ఢోలక్ పిల్ల. నా వైపు చూసి, తల దించుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస కూడిక. ముగింపు ప్రార్థన ఎప్పటిలాగే నాది. అప్పటికి అయిదు రోజులుగా ఆ బోనం సంగతే మా ఆయన దగ్గర గొణుగుతున్నాను. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వాళ్లల్లో ఒక అలవాటుంది. మనిషి ముఖం మీద అనలేని మాటను కళ్లు మూసుకుని దేవుడితో అంటాం. ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించి, కానుక వెయ్యనివాళ్ల గురించి, కోడల్ని ఏడిపించే అత్త గురించి, పేరు చెప్పకుండా అందరికీ తెలిసేట్టు చెబుతాం. ఎదురు చెప్పడానికి ఎవరికీ వీల్లేదు, ప్రార్థన కదా. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు. "సర్వాధికారివైన తండ్రీ," అని ఎత్తుకున్నాను. "ఆదివారము ఉదయమున నిన్ను స్తుతించిన చేతులే అదే దినమున వేరొక సన్నిధికి కుండ మోసిన సంగతి నీకు మరుగై యుండలేదు. రెండు గుమ్మముల యొద్ద నిలుచు మా సహోదరిని గద్దించుము. ఆమె వలన ఈ సంఘమునకు కలిగిన మచ్చను కడిగివేయుము." వెనక నుంచి ఒకరిద్దరు "ఆమేన్" అన్నారు. నాకు ఊపు వచ్చింది. ఇంకా చాలా అన్నాను.

కళ్లు తెరిచేసరికి చాప మీద ఢోలక్ ఉంది, ఆమె లేదు. బైబిలమ్మ లేచి వెళ్లి ఢోలక్‌ను గోడకు తగిలించింది.

మర్నాడు నేను అన్నం వారుస్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, నిన్న దేవునితోటి మాట్లాడినవా, ఆ పిల్లతోటి మాట్లాడినవా?"

"ప్రార్థన దేవుడితో కాక ఎవరితో చేస్తారండీ?"

"దేవునికి తెల్వని ముచ్చట ఒక్కటన్న చెప్పినవా? ఆయనకే చెప్పేటిదైతే నీ ఇంట్ల చెప్పుకోవచ్చు. గంత మందిల ఎందుకు?"

"ఉన్నమాటే కదా అన్నాను. ఎత్తిందా లేదా బోనం?"

"ఎత్తింది. అత్త కాలిరిగి మంచంల ఉన్నది, ఆ ఇంట్ల ఇంకో ఆడమనిషి లేదు. ఎత్తకుంటె చర్చికి పోవుడు బందు అన్నరు. అది తప్పా ఒప్పా అని నన్నడిగింది. నాకు గుడ తెల్వలే. ఇద్దరం కూసోని ఏడ్సినం. నాలుగేండ్ల సంది నేను ఆ ఇంటికి పొయ్యి మాట్లాడుతున్న. నువ్వు నాలుగు నిమిషాలల్ల చెడగొట్టినవ్. పొయ్యి తప్పయిందని చెప్పిరా."

నాకు ఒళ్లు మండింది. ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "పుల్ల పెట్టుకుంటే గానీ చదవలేని మీరా నాకు వాక్యం నేర్పేది?" అన్నాను. ఆమె గిన్నె వైపు చూసింది. "అన్నం మెత్తబడుతున్నది, చూస్కో," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్తాను? పై నెల పాస్టరుగారు వచ్చారు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, మాకు నెలకొకసారి ఆయన వచ్చినప్పుడే. ఆడవాళ్లం చాపల మీద వరసగా కూర్చుంటాం, రొట్టె పళ్లెం చేతి నుంచి చేతికి వస్తుంది. బైబిలమ్మ నా పక్కనే కూర్చుంది. పళ్లెం వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ముసలిదాని చేతిలో అంత బలం ఉంటుందని నేననుకోలేదు. "ముందుగాల ఆమె కాడికి పోయిరా," అంది. గొంతు తగ్గించే అంది, కానీ ఆ రోజు వాన లేదు, అందరికీ వినపడింది. పళ్లెం నన్ను దాటి అవతలి ఆమెకు వెళ్లింది. పాస్టరుగారు చూసి తల తిప్పుకున్నారు. నేను లేచి చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఇంటికి వచ్చేశాను.

మా ఆయన "పోయి ఆ ఒక్క మాట చెప్పేసి రాకూడదూ?" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను చివరి చాప మీద కూర్చునేదాన్ని. పళ్లెం వచ్చే వేళకు లేచి బయటికి వెళ్లేదాన్ని. ప్రార్థన చేయమంటే గొంతు బాగాలేదనేదాన్ని. నా ప్రార్థన లేక సంఘం అల్లాడిపోతుందనుకున్నాను. ఎవరూ అల్లాడలేదు. కూడిక తొందరగా అయిపోతోందని ఒకామె సంతోషించడం నా చెవిన పడింది.

ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో బైబిలమ్మ ఒక పని చేసేది. ప్రతి ఇంటికీ వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, "ఈ ఏడు నా వల్ల నీకేమన్న నొచ్చిందా? ఉంటె చెప్పు," అని అడిగేది. ఎక్కువమంది "అయ్యో, ఏం లేదమ్మా" అని చాయ్ ఇచ్చి పంపేవాళ్లు. ఆ ఏడు మా గుమ్మంలోకీ వచ్చింది. అదే గొడుగు, అదే ప్రశ్న. ఏడు నెలలుగా నేను దీనికోసమే కాచుకుని ఉన్నాను. చాయ్ ఇవ్వలేదు. కడిగేశాను. "నేను ఆ పిల్లను నలుగురిలో అవమానించానని నాకు నీతులు చెప్పారు. మీరు చేసిందేమిటి? సంఘమంతా చూస్తుండగా నా చెయ్యి పట్టుకున్నారు. నేను దేవుడి పేరు చెప్పి కొట్టాను, మీరు దేవుడి బల్ల దగ్గరే కొట్టారు. మీకూ నాకూ తేడా ఏమిటండీ?"

తిరిగి ఏదో అంటుందని నడుం బిగించుకుని నిలబడ్డాను. నా దగ్గర ఇంకా నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆమె గొడుగు మీద రెండు చేతులూ ఆనించింది. పెదవులు కదిలాయి. "తేడా ఏం లేదు," అంది. "నిజమే చెప్పినవ్. నాకు ఎవ్వరు చెప్పలే." అని వెళ్లిపోయింది.

ఆదివారం పాట కాగానే లేచింది. "పోయిన వానాకాలం బల్ల కాడ టీచరమ్మ చెయ్యి పట్టుకున్న. అందరి ముంగట ఆమె ఇజ్జత్ తీసిన. నాకు ఆ హక్కు లేకుండె. తప్పు చేసిన. టీచరమ్మా, నన్ను మాఫ్ చెయ్యి." కూర్చుంది. నేను "కానీ" కోసం ఎదురుచూశాను. "కానీ ఆమె కూడా" అంటుందని, అప్పుడు మళ్లీ లేవచ్చని. రాలేదు. "కానీ" లేకుండా నేను నా జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగను. జనమంతా నా వైపు తిరిగారు. నేను తల ఊపాను, రాణీగారు దయతలచినట్టు. ఆమె మీద అంతకు ముందున్న కోపం ఒక లెక్క, ఆ రోజు వచ్చిన కోపం ఒక లెక్క. ఆమె తన తప్పు తీసేసుకుంది. ఇప్పుడిక నాది ఒక్కటే అక్కడ మిగిలింది, అందరికీ కనపడేట్టు.

ఆ తర్వాత ఆమెను కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ప్రేమతో కాదు, ఎక్కడ దొరుకుతుందా అని. ఒకసారి సండే స్కూల్లో ఏడేళ్ల పిల్ల "అమ్మా, నువ్వు ఒక వరస ఇడిసిపెట్టినవ్" అంది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా," అని మొదటి నుంచి చదివింది. ఇంకోసారి పాస్టరుగారు ఆమె చేయని తప్పుకు ఆమెను గదిమారు. ఆయనకు నిజం తెలిసి బాధపడితే, "గా తప్పు చేయలే గని, గసొంటివి మస్తు చేసిన. అండ్ల కలుపుకో అయ్యా," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కష్టపడ్డాను.

ఢోలక్ పిల్ల మాత్రం చర్చి ముఖం చూడలేదు. ఒక్కసారి, హాజరు కాని పిల్లల కోసం వచ్చినట్టు ఆమె వీధిలోకి వెళ్లాను. ఆమె గోడకు పిడకలు కొడుతోంది. "ఏంది టీచరమ్మా, ఇంక ఎవరెవరు ఏమేం మోస్తున్నరో రాస్కుంటున్నవా?" అంది. పక్కింటివాళ్లు నవ్వారు. నేను వచ్చినంత వేగంగా తిరిగి వచ్చేశాను. ఇంటికి వచ్చి, చూశారా, నేను వెళ్లినా లాభం లేదు అని దేవుడితో వాదించాను.

ఆఖరుసారి బైబిలమ్మను చూసింది పట్నంలో దవాఖానలో. రెండు బస్సులు మారి, బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. మంచంలో దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. ఏం మాట్లాడాలో తోచక, "ప్రార్థన చెయ్యనా?" అన్నాను. "వద్దు. నీ ప్రార్థన పొడుగుంటది. కూసో," అంది. కూర్చున్నాను. ఆ పిల్ల ఊసు ఎత్తుతుందని భయపడ్డాను. ఎత్తలేదు. బత్తాయి తొక్క తీస్తుంటే, "గింజలు తియ్యి జర, మింగుడు పడ్తలేదు," అంది. గింజలు తీసి ఒక్కో తొనా నోట్లో పెట్టాను. లేచేటప్పుడు, "శ్రమదినాలకు ఇండ్లు తిరగలేనేమో ఈసారి. నా వల్ల నీకేమన్న నొచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. అది అబద్ధం కాదు.

సోమవారం సాయంత్రం ఊరి చివర సమాధుల దొడ్డిలో అందరం చేరాం. పాస్టరుగారు వాక్యం చదివి, "టీచరుగారు ప్రార్థన చేస్తారు," అన్నారు. ఆయనకు పాత అలవాటు. గొంతు బాగాలేదందామంటే శవం ముందు నోరు రాలేదు. ముందుకు వెళ్లి కళ్లు మూసుకుని "ప్రేమగల తండ్రీ" అన్నాను. అంతే. ఆ తర్వాత ఒక్క ముక్క రాలేదు. కళ్లు తెరిచాను. గోతికి అవతల ఢోలక్ పిల్ల నిలబడి ఉంది. పక్కన కర్ర పట్టుకుని వాళ్ల అత్త.

గోతిని చుట్టి అవతలికి వెళ్లాను. "మూడేళ్ల కిందట ప్రార్థన పేరు చెప్పి నిన్ను తిట్టాను. అందరి ముందూ తిట్టాను. తప్పు నాది," అన్నాను. "కానీ" నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ముందు మాట్లాడింది అత్త. "ఇగ యాదికొచ్చిందా? నీ బదులు గా ముసలామె మా గడపల నిలవడి ఎన్నిసార్లు తప్పయింది అన్నదో ఎరుకేనా? నేను తిట్టిన తిట్లన్ని పడ్డది. పడుకుంట నా కాలుకు నూనె రాసింది."

నాకు తెలియదు. ఈ మూడేళ్లలో బైబిలమ్మ ఒక్కసారి కూడా నాతో అనలేదు. దుఃఖం అప్పుడొచ్చింది నాకు, గోతిలో పెట్టెను చూసినప్పుడు కూడా రానిది.

"ఆమె చెప్పింది," అంది ఢోలక్ పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం రాయిలా ఉంది. "నాకు ఆమె చెప్పుడు అక్కర లేకుండె. నువ్వు చెప్పాల్నని ఉండె. ఆమె బతికుండంగ చెప్తె నీదేం పోయేది?"

"ఏమీ పోయేది కాదు," అన్నాను.

మాఫ్ చేశాననలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, వంగి, తవ్విపోసిన కుప్పలోంచి ఎర్ర మొరం గడ్డ ఒకటి తీసింది. గోతిలో పిడికెడు మట్టి వేద్దామన్నా ఈ నేలలో అది చేతికి మెత్తగా రాదు. పక్కనున్న బండకు రెండుసార్లు కొట్టింది. గడ్డ పగిలింది. సగం తను ఉంచుకుని, సగం నా దోసిట్లో పెట్టింది.

"వెయ్యి," అంది. "నువ్వేస్తెనే నేనేస్త."